మురొఫుషి కెరీర్‌ని ఎలా లెక్కెయ్యాలి? ఏథెన్స్ స్వర్ణం మీద ఓ గొడవ

గడ్డిపరక
క్విజ్ గ్రూపులో మొన్న ఓ ప్రశ్న వచ్చింది: 2004 ఏథెన్స్ ఒలింపిక్స్ హ్యామర్ త్రో (తీగకి కట్టిన ఇనుప గుండుని గిర్రున తిరిగి విసిరే ఆట) స్వర్ణం ఎవరిది? జపాన్‌కు చెందిన కోజి మురొఫుషి అని కొట్టాను, మార్కు పడింది. వెంటనే ఒకాయన తగులుకున్నాడు. "అది గెలిచింది కాదు, దొరికింది. పోటీ రోజున అతనిది రెండో స్థానం. హంగేరీవాడు డోపింగ్‌లో ఇరుక్కోకపోతే వెండితో సరిపెట్టుకునేవాడు" అని. పైగా "నాలుగు ఒలింపిక్స్‌లో దిగి, ఒక్కసారి కూడా ఒలింపిక్ మైదానంలో స్వర్ణం మెడలో పడనివాణ్ని దిగ్గజం అంటారేంటి" అని ఎద్దేవా. ఒళ్లు మండింది కానీ అక్కడ గట్టిగా బదులివ్వలేకపోయాను. ఈయన కెరీర్‌ని మీరైతే ఎలా లెక్కేస్తారు? పతకాలతోనా, మీటర్లతోనా?

బెంచీమీద_బాబు
సుత్తి గురించి థ్రెడ్ పడింది. దయచేసి ఎవరూ సుత్తి వేయకండి.

రెండోరౌండు
@బెంచీమీద_బాబు ఆ జోకు పడుతుందని తెలుసు. మరీ మొదటి రిప్లైలోనే పడుతుందనుకోలేదు.

స్టాప్‌వాచ్
ముందు ఏథెన్స్‌లో జరిగింది వరసగా చెప్పుకుందాం, సగం మందికి సగమే తెలుసు.

హంగేరీకి చెందిన ఆద్రియన్ అన్నుష్ 83.19 మీటర్లు వేశాడు. మురొఫుషి ఆఖరి రౌండ్లలో ఎంత లాక్కొచ్చినా 82.91 దగ్గర ఆగాడు. తేడా 28 సెంటీమీటర్లు. తరవాత అన్నుష్ శాంపిళ్ల మీద అనుమానం వచ్చింది. పోటీకి ముందు ఇచ్చినవీ, తరవాత ఇచ్చినవీ ఒకే మనిషివి కావేమోనని. మళ్లీ పరీక్షకు రమ్మంటే రాలేదు. అదే కోచ్ దగ్గర తయారైన డిస్కస్ వీరుడు రాబర్ట్ ఫజెకాష్ కూడా అదే ఒలింపిక్స్‌లో పతకం పోగొట్టుకున్నాడు. చివరికి ఆటలు ముగిసే రోజున అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం (ఐఓసీ) అన్నుష్ స్వర్ణాన్ని రద్దు చేసింది. మురొఫుషికి పతకం యోకొహామాలో అందింది.

కాబట్టి "దొరికింది" అనే మాట నాకు నచ్చదు. దొంగ దొరికాడు, సొమ్ము సొంతదారుకి చేరింది. అంతే.

ఎదురుగాలి
సెంటిమెంటు పక్కన పెడదాం. ఆ క్విజ్ ఆయన మాట మోటుగా ఉంది కానీ పూర్తిగా తప్పేం కాదు. మురొఫుషి ఖాతాలో పెద్ద పతకాలు ఎన్ని? ఒలింపిక్స్‌లో ఒక స్వర్ణం, ఒక కాంస్యం. ప్రపంచ చాంపియన్‌షిప్‌లలో 2001లో రజతం, 2003లో కాంస్యం, 2011లో స్వర్ణం. పోలెండ్‌కి చెందిన పావెల్ ఫాయ్‌దెక్ ఒక్కడే వరసగా 5 ప్రపంచ టైటిళ్లు కొట్టాడు. దిగ్గజం అనే మాట వాడేముందు ఆ పక్కన పెట్టి చూడాలి.

జపాన్‌లో వరసగా 20 జాతీయ టైటిళ్లు అని కొందరు ఊగిపోతారు. 1995 నుంచి 2014 దాకా. ఎదురు నిలిచేవాడు లేకపోతే 20 ఏమిటి, 25 కూడా కొట్టొచ్చు.

స్టాప్‌వాచ్
@ఎదురుగాలి ఫాయ్‌దెక్ గొప్పవాడే, కాదన్నదెవరు. కానీ పతకాల లెక్కే కొలమానమైతే అతనికీ తంటానే. 2012 ఒలింపిక్స్‌లో మూడూ ఫౌల్. 2016లో అందరూ ఇతనిదే స్వర్ణం అనుకుంటే క్వాలిఫైయింగ్‌లోనే ఇంటికి. టోక్యోలో ఎట్టకేలకు కాంస్యం. ఇద్దర్నీ ఒకే కొలతబద్దతో కొలవలేం.

మూడోమలుపు
జాతీయ టైటిళ్ల మీద ఎదురుగాలి గారి మాటతో ఏకీభవిస్తాను. కానీ ఇంకో వైపు చూడండి. పోటీ లేని చోట మామూలుగా ఆటగాడు బద్ధకిస్తాడు. దేశంలో రెండోవాడికీ తనకీ మధ్య బోలెడు మీటర్ల దూరం ఉన్నప్పుడు, 80 దాటాలన్న కసి ఎక్కణ్నుంచి రావాలి? జపాన్ నుంచి 80 మీటర్లు మొదట దాటింది ఇతనే, 2000లో. అప్పటిదాకా ఆ గీత జపాన్ వాళ్లకి అందనిదిగానే ఉండేది.

బెంచీమీద_బాబు
ఇంట్లో నాన్న ఉండగా బద్ధకించడం కుదురుతుందా మరి?

మూడోమలుపు
నిజమే. తండ్రి షిగెనోబు మురొఫుషి ఆసియా క్రీడల్లో వరసగా ఐదుసార్లు స్వర్ణం, 1970 నుంచి 1986 దాకా. 1982లో మన ఢిల్లీలో గెలిచింది కూడా ఆయనే. 1984లో ఆయన వేసిన 75.96 మీటర్ల జాతీయ రికార్డు 14 ఏళ్లు నిలబడింది. 1998లో దాన్ని తీసేసింది కొడుకే. తల్లి సెరాఫినా మోరిట్జ్ రొమేనియా జావెలిన్ క్రీడాకారిణి, 1968లో యూరప్ జూనియర్ చాంపియన్. చెల్లెలు యుకా ఏథెన్స్‌లోనే మహిళల హ్యామర్‌లో దిగింది. ఆ ఇంట్లో వస్తువులు చేతికి అందిచ్చుకునేవాళ్లో, విసురుకునేవాళ్లో!

రాత్రిబండి
ఢిల్లీ అంటే గుర్తొచ్చింది. దూరదర్శన్ భారతంలో భీముడిగా చూశామే, ప్రవీణ్ కుమార్, ఆయన హ్యామర్ వీరుడు కూడా. 1966 కింగ్‌స్టన్ కామన్వెల్త్ క్రీడల్లో హ్యామర్ త్రోలో రజతం. ఆసియా క్రీడల్లో డిస్కస్ స్వర్ణాలు వేరే. గద పట్టుకున్నది ఆ తరవాతే.

బెంచీమీద_బాబు
ఆ రోజుల్లో ఆదివారం పొద్దున ఆయన గద తిప్పుతుంటే అంత సహజంగా ఎలా వచ్చిందా అనుకునేవాణ్ని. అదన్నమాట సంగతి.

గడ్డిపరక
అమ్మానాన్నల వల్లే ఇదంతా అయ్యిందని తీసిపారేసేవాళ్లకి ఏం చెప్పాలి? రక్తంలోనే ఉంది, ఇందులో అతని గొప్పేముంది అంటారు.

లెక్కల_మాస్టారు
రక్తంలో ఏముందో నాకు తెలియదు గానీ తూకంలో ఏముందో చెప్తాను. మగవాళ్ల గుండు తీగతో సహా 7.26 కిలోలు. 80 మీటర్లు దాటాలంటే చేతిలోంచి వదిలేటప్పుడు వేగం సెకనుకి సుమారు 29 మీటర్లు ఉండాలి. తిరిగే వృత్తం వ్యాసార్ధం, చేతులూ తీగా కలిపి, సుమారు 1.8 మీటర్లు అనుకోండి. వేగం వర్గాన్ని బరువుతో గుణించి వ్యాసార్ధంతో భాగిస్తే దగ్గర దగ్గర 3,400 న్యూటన్లు. అంటే వదిలే క్షణంలో తీగ అతణ్ని 345 కిలోల బరువుతో ముందుకి గుంజుతోంది.

ఆ గుంజుడికి ఎదురు నిలవాలంటే ఒళ్లు బరువుండాలి. అందుకే 110, 120 కిలోల వాళ్లు ఈ ఆటలో మామూలు. మురొఫుషి 187 సెంటీమీటర్ల ఎత్తు, 99 కిలోలు. తన ఒంటికి మూడున్నర రెట్లు లాగే దాన్ని, 2.135 మీటర్ల వృత్తంలో, నాలుగు సార్లు గిర్రున తిరుగుతూ, గీత దాటకుండా ఆపుకున్నాడు. అమ్మానాన్నలు ఇచ్చింది చాలదనే అంటోంది ఈ లెక్క. మిగతాది నేర్చుకున్నదే.

రెండోరౌండు
@లెక్కల_మాస్టారు గారూ, సామాన్య ప్రజల కోసం: ఇంత తేలికైనవాడు ఎలా నెగ్గుకొచ్చాడు?

చేతితొడుగు
నేను చెప్తాను, యూనివర్సిటీ రోజుల్లో మూడేళ్లు హ్యామర్ వేశాను. పెద్దగా పొడిచిందేమీ లేదు, కానీ ఆ గుంజుడు ఒంటికి తెలుసు.

కొత్తవాళ్లందరూ చేసే పని ఒకటే. చేతులతో లాగుతారు. గుండుని భుజాలతో తిప్పాలనుకుంటారు. అలా చేస్తే రెండో మలుపుకే గుండు మనల్ని తిప్పడం మొదలెడుతుంది, మూడో మలుపుకి మనం వలలో ఉంటాం. కుడిచేతివాటం వాళ్లకి ఎడమచేతికి తొడుగు, అది పిడిని పట్టుకుంటుంది, కుడిచెయ్యి దాని మీద పడుతుంది. చేతులు తాడు మాదిరి సాగి ఉండాలి, అంతే. పని చేసేది పాదాలు. ఎడమ మడమ మీద తిరిగి, కుడికాలు గాల్లోకి లేచి, గబుక్కున మళ్లీ నేలకి ఆనాలి. ఎంత తొందరగా ఆనితే అంత. ఎందుకంటే రెండు కాళ్లూ నేల మీద ఉన్నప్పుడే గుండుకి బాగా వేగం పెంచగలం. ఒంటికాలి మీద ఉన్నప్పుడు కూలిపోకుండా ఉంటే అదే పదివేలు.

మురొఫుషి వీడియో ఏదైనా పెట్టి మొహం వదిలేసి పాదాలే చూడండి. నాలుగో మలుపుకి కుడిపాదం నేల మీద పడే తీరు చూస్తే, అది నడుస్తున్నట్టుంది తప్ప విసురుతున్నట్టు ఉండదు. బరువు తక్కువవాడికి ఆ తొందరే పెట్టుబడి.

ఎదురుగాలి
@చేతితొడుగు ఇది బాగుంది. ఒప్పుకుంటున్నా. కానీ పాదాల గురించే మాట్లాడితే సోవియట్ యూరి సెదిఖ్‌ని దాటి ఎవరూ లేరు. మూడే మలుపులు! 1986 ఆగస్టు 30న స్టుట్‌గార్ట్‌లో 86.74, ప్రపంచ రికార్డు. ఇన్నేళ్లయినా ఆ గీత అక్కడే ఉంది.

స్టాప్‌వాచ్
ఉంది. పోటీలు లేని రోజుల్లో పరీక్షలు లేవనే చెప్పుకోదగ్గ కాలంలో పెట్టిన గీత అది. సెదిఖ్ మీద వేలు చూపడం లేదు, టెక్నిక్ అద్భుతం. కానీ ఆ కాలపు మీటరూ ఈ కాలపు మీటరూ ఒకటే అని నేను అనలేను.

ఆ జాబితాలో మురొఫుషి ఎక్కడున్నాడో చూడండి. 2003 జూన్‌లో ప్రాగ్‌లో 84.86. ఆల్ టైమ్ లిస్టులో నాలుగో పేరు. పైనున్నవి సోవియట్ వీరులు సెదిఖ్, లిత్వినోవ్, బెలారస్‌కి చెందిన దెవ్యతోవ్‌స్కీ. ఆ మూడో పేరు 2000లో డోపింగ్ నిషేధం పడినవాడిది.

మూడోమలుపు
బెలారస్ అన్నారు కాబట్టి బీజింగ్ కథ కూడా వచ్చెయ్యాలి. 2008లో మురొఫుషి ఐదో స్థానం. డిసెంబర్‌లో దెవ్యతోవ్‌స్కీ, అదే దేశపు తిఖోన్ ఇద్దరి పతకాలూ డోపింగ్ కారణంగా ఐఓసీ తీసేసింది. దాంతో ఐదోవాడు మూడోవాడయ్యాడు. 2010 జూన్‌లో క్రీడల మధ్యవర్తిత్వ కోర్టు ఆ తీర్పు కొట్టేసింది, ల్యాబ్ పరీక్ష పద్ధతి ప్రకారం జరగలేదని. మూడోవాడు మళ్లీ ఐదోవాడయ్యాడు.

అక్కడితో అయిపోలేదు. 2012లో తిఖోన్ పాత ఏథెన్స్ శాంపిల్ మళ్లీ పరీక్షిస్తే దొరికింది, అన్నుష్ పోయాక మూడో స్థానం నుంచి పైకొచ్చి దక్కిన 2004 రజతం పోయింది. అంటే ఏథెన్స్‌లో పోటీ రోజున పోడియం ఎక్కిన ముగ్గురిలో ఇద్దరి పతకాలు ఎగిరిపోయాయి. రెండో స్థానంలో నిలబడ్డ మురొఫుషి పతకం ఒక్కటే మిగిలింది.

బెంచీమీద_బాబు
అది పోడియం కాదు, మ్యూజికల్ చెయిర్స్.

రాత్రిబండి
ఈ తిఖోనే కదా 2005లో 86.73 వేసింది? ప్రపంచ రికార్డుకి ఒక్క సెంటీమీటర్ తక్కువ. తరవాత ఆ ఫలితం కూడా రద్దయింది. ఆ సెంటీమీటర్ కూడా వేసి ఉంటే ఎంత పెద్ద తలనొప్పి అయ్యేదో.

గడ్డిపరక
ఇదంతా చదివాక నాకు ఇంకో డౌటు. పోటీ రోజున ఓడిపోయానని ఒప్పుకుని, వారం తరవాత స్వర్ణం నీదేనని ఫోనొస్తే మనిషికి ఎలా ఉంటుంది? సంతోషించాడా?

స్టాప్‌వాచ్
పెద్దగా గంతులేమీ వెయ్యలేదు. ఏథెన్స్ పతకాల వెనకవైపు ప్రాచీన గ్రీకు కవి పిండార్ పద్యపాదాలు చెక్కారు, ఒలింపియాని సత్యానికి రాణి అని సంబోధించేవి. ఆ పాదాల ప్రతిని ప్రెస్ మీట్‌కి తెచ్చి విలేకరులకి చూపించాడు. అన్నుష్‌ని తిట్టడం కంటే అదే గట్టిగా తగిలింది.

ఎదురుగాలి
అది నాకు తెలియదు. బాగా చేశాడు.

అయినా నా ప్రశ్న నాదే. 2005 హెల్సింకీలో లేడు, 2009 బెర్లిన్‌లో లేడు. ఫామ్‌లో ఉండాల్సిన రోజుల్లో రెండు ప్రపంచ చాంపియన్‌షిప్‌లు వదిలేశాడు. నిలకడ అనేది కూడా కెరీర్‌లో భాగమే కదా?

చేతితొడుగు
@ఎదురుగాలి ఒకే దిక్కుకి ఏళ్ల తరబడి తిరిగితే నడుం ఏమవుతుందో ఒకసారి ఆలోచించండి. నాకు మూడేళ్లకే కుడివైపు ఒకలా, ఎడమవైపు ఒకలా తయారయింది, ఇప్పటికీ కుర్చీలో ఒక పక్కకి ఒరిగే కూర్చుంటాను. ఏటా పెద్ద పోటీకి దిగడం కంటే, ఏది వదలాలో తెలియడమే ఈ ఆటలో ఎక్కువ కాలం బతికిస్తుంది. అందుకే 36 ఏళ్లకి డేగులో గెలిచాడు.

మూడోమలుపు
డేగు! దాని గురించి ఎవరూ ఎత్తరేంటా అని చూస్తున్నా. 2011 ప్రపంచ చాంపియన్‌షిప్. మురొఫుషి 81.24. హంగేరీకే చెందిన క్రిస్టియాన్ పార్ష్ 81.18. ఆరు సెంటీమీటర్లు. అదీ 81.24ని ఒకసారి కాదు, మూడో రౌండ్‌లో వేసి, ఐదో రౌండ్‌లో మళ్లీ సరిగ్గా అంతే వేశాడు. అరక్షణం ముందో వెనకో వదిలితే మీటర్లు మారిపోయే ఆటలో సెంటీమీటర్‌తో సహా అదే దూరం రెండుసార్లు! ఏథెన్స్‌లో మైదానంలో గెలవలేదని ఎవరన్నా అంటే ఇది చూపించండి. ఇది మైదానంలోనే గెలిచాడు, మెడలో అక్కడే వేశారు.

లెక్కల_మాస్టారు
రెండుసార్లు అదే దూరం రావడంలో కొంత కాకతాళీయం ఉంది, మరీ మాయ చెయ్యకండి. కానీ రెండు విసుర్లూ 81 దాటడం కాకతాళీయం కాదు.

ఈయన శాస్త్రం వైపు కూడా చూడాలి. చుక్యో యూనివర్సిటీలో హ్యామర్ త్రో మీదే డాక్టరేట్ చేశాడు. తిరిగేటప్పుడు గుండు వేగం ఎక్కడ పెరుగుతోంది, ఎక్కడ తగ్గుతోంది అని సెన్సార్లు పెట్టి కొలిచే పరిశోధనల్లో పాలుపంచుకున్నాడు. వయసు మీదపడ్డాక బరువులు ఇంకా ఇంకా ఎత్తడం మానేసి, కసరత్తునే మార్చాడు. బార్‌బెల్ రెండు చివర్లా హ్యామర్లు వేలాడదీసి, అవి ఊగుతుంటే దాన్ని భుజాల మీద పెట్టుకుని గుంజీలు తీసేవాడు. బరువు తక్కువే, కానీ అది ఎటు ఊగుతుందో తెలియదు. ఒళ్లు ప్రతి క్షణం సర్దుకోవాలి.

రెండోరౌండు
ఊగే హ్యామర్లతో గుంజీలా! నాకు మామూలు గుంజీలకే ఒళ్లు సర్దుకోదు.

చేతితొడుగు
మాకు ఆ వైభోగం ఎక్కడిది. మా కోచ్‌కి తెలిసిన సైన్స్ ఒకటే, "ఇంకో పది వెయ్యి". పైగా గ్రౌండ్ గొడవ. గుండు పడ్డ ప్రతిచోటా మోకాలు దిగేంత గుంట, చుట్టూ గడ్డి పెళ్లలు లేచిపోయి ఉండేవి. ఫుట్‌బాల్ వాళ్లు మమ్మల్ని చూస్తే కొట్టేటట్టు ఉండేవారు. ప్రాక్టీస్ అవ్వగానే ఆ గుంటలు మేమే పూడ్చాలి, నీళ్లు చల్లి కాలితో తొక్కాలి. నా విసుర్ల కంటే నా పూడ్చుళ్లు బాగుండేవి అనేవాళ్లు.

ఈ ఆట ఎక్కడా పెరగకపోవడానికి అసలు కారణం అదే అనిపిస్తుంది. వల కావాలి, ఖాళీ మైదానం కావాలి, పక్కన ఎవరూ ఉండకూడదు. ఏ గ్రౌండ్ వాళ్లకైనా మేం శత్రువులమే.

రాత్రిబండి
టీవీ వాళ్లకి కూడా. డైమండ్ లీగ్‌లో హ్యామర్‌కి చోటే లేదు. ఏటా లోకం చూసే మీట్‌లలో లేని ఆటగాడు దిగ్గజమా కాదా అని మనం కొట్టుకుంటున్నాం.

ఎదురుగాలి
@రాత్రిబండి ఆ మాట కరెక్టు. మన క్విజ్ ఆయన కూడా ఆ ఒక్క ఫైనల్ తప్ప ఇంకేం చూసి ఉండడు.

స్టాప్‌వాచ్
ఎదురుగాలి గారు మన వైపుకి వస్తున్నారు, ఎవరూ కదలకండి.

ఎదురుగాలి
రావడం లేదు. లండన్ 2012లో 78.71తో కాంస్యం, 37 ఏళ్లకి, అది నాకూ గొప్పే. కానీ అదే లండన్‌లో ఐఓసీ అథ్లెట్స్ కమిషన్ ఎన్నికలో నిలబడి, ప్రచార నియమాలు ఉల్లంఘించాడని అనర్హుడయ్యాడు. దేవుడి పటం కట్టేముందు అది కూడా రాసుకోండి.

మూడోమలుపు
రాసుకున్నాం. ఓట్లు మాత్రం పడ్డాయి, తోటి ఆటగాళ్లే వేశారు. జపాన్ ఒలింపిక్ సంఘం అప్పీలుకి కూడా వెళ్లింది, ఫలితం దక్కలేదు. తరవాత టోక్యో ఒలింపిక్స్ నిర్వహణలో క్రీడల డైరెక్టర్ అయ్యాడు, 2020లో జపాన్ క్రీడా సంస్థకి అధిపతి అయ్యాడు. ఆ మచ్చ దారికి అడ్డం పడలేదు.

బెంచీమీద_బాబు
ఒక బేస్‌బాల్ మ్యాచ్‌కి మర్యాద కోసం మొదటి బంతి వెయ్యమని పిలిస్తే గంటకి 131 కిలోమీటర్ల వేగంతో వేశాడట. ఆ గౌరవం ఇచ్చినందుకు నిర్వాహకులు ఎంత భయపడి ఉంటారో. ఆ బంతిని పట్టినవాడికి కూడా ఒక పతకం ఇవ్వాల్సింది.

గడ్డిపరక
సరే, నాకు బోలెడు సరుకు దొరికింది. ఆఖరి ప్రశ్న. 84.86 ఇంకెన్నాళ్లు నాలుగో స్థానంలో ఉంటుంది? కెనడా కుర్రాడు ఈథన్ కాట్స్‌బర్గ్ పారిస్‌లో 22 ఏళ్లకే 84.12 వేసి స్వర్ణం కొట్టుకుపోయాడు కదా.

స్టాప్‌వాచ్
2025 టోక్యో ప్రపంచ చాంపియన్‌షిప్‌లో 84.70 కూడా వేసేశాడు. అంటే 16 సెంటీమీటర్ల దూరంలో ఉన్నాడు. అదీ మురొఫుషి సొంత దేశంలో.

ఎదురుగాలి
అయితే పందెం. వచ్చే ఒలింపిక్స్ లోపు 84.86 పోతుంది. సెదిఖ్ 86.74 మాత్రం ఎవరికీ అందదు.

చేతితొడుగు
మొదటిది ఒప్పుకుంటా, రెండోది ఒప్పుకోను. ఆ కుర్రాడి కుడిపాదం చూశారా? ఇంకా కాస్త ఆలస్యంగానే నేలకి ఆనుతోంది. అది సరిచేసుకుంటే ఎంత పోతుందో చెప్పలేం.

లెక్కల_మాస్టారు
84.70 నుంచి 86.74కి 2.04 మీటర్లు. వదిలే వేగంలో ఒక్క శాతం పైచిలుకు పెరిగితే చాలు. కాగితం మీద చాలా తేలిక.

బెంచీమీద_బాబు
కాగితం మీద నేనూ వేస్తాను మాస్టారూ. పందెం ఎంత?